తిన్నగా పోయే బిళ్ళ

‘ఋజువు’ అనే మాటను మనం నేడు సాక్ష్యమనీ, నిదర్శనమనీ అర్థం చెప్పుకొని వాడుతున్నాము. సంస్కృతంలో ‘ఋజు’ శబ్దానికి తిన్ననిది, వంకర లేనిది అని అర్థం. తిన్నగా ఉన్నది తనకు తానే సాక్ష్యమని మన పూర్వులు తలచినారో ఏమో, ఆ విశేషణం తెలుగులోకి వచ్చి నామవాచకమై, చివరకు న్యాయస్థానపు బోను దాకా నడిచిపోయినది. ఈ రెండర్థాల నడుమ ఉన్న బంధుత్వాన్ని నాకు నిఘంటువుకంటె స్పష్టంగా చూపినది జానెడు వెడల్పయినా మించని ఒక ప్లాస్టిక్ బిళ్ళ అంటే పాఠకులకు నవ్వు రావచ్చును. ఆ బిళ్ళ డిస్క్ గోల్ఫ్ అనే ఆటలోనిది. దానిని ఎట్లా ఎంచుకోవాలో, ఎట్లా విసరాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. దానితోపాటు, ఏ విద్యనైనా మొదలుపెట్టేవాడు ఎట్టి పనిముట్టును ముందుగా చేతబట్టాలి అనే ప్రశ్న కూడా రాకతప్పదు.

ముందు ఆట సంగతి. గోల్ఫ్ ఆటలో బంతినీ, కర్రనూ, నేలలోని గుంటనూ తీసివేయండి. బంతికి బదులు గుండ్రని డిస్కు. కర్రకు బదులు మన చేయి. గుంటకు బదులు ఒక ఇనుపస్తంభం, దానికి నడుమ బుట్ట, బుట్టపైన వ్రేలాడే గొలుసులు. నిర్ణీతమైన చోట నిలబడి ఆటగాడు డిస్కును విసరుతాడు. అది ఎక్కడ పడితే అక్కడికి నడిచివెళ్ళి, అక్కడినుంచి మరల విసరుతాడు. గొలుసులకు తగిలి డిస్కు బుట్టలో పడితే ఆ మజిలీ ముగిసినట్లు. సాధారణంగా ఇటువంటి మజిలీలు 18 ఉంటాయి. అన్నింటినీ కలిపి ఎవరు తక్కువ విసురులతో ముగిస్తే వారిది గెలుపు. అమెరికాలో ఈ ఆటస్థలాలు చాలామటుకు పురపాలకసంఘాల ఉద్యానవనాలలో ఉన్నాయి. వాటిలో అనేకం ప్రవేశరుసుము లేనివి. ఫిన్లండు దేశంలోనూ ఈ ఆటకు విశేషమైన ఆదరణ ఉన్నది.

దీని పుట్టుక మూలాలు చిల్లరవస్తువులలో ఉన్నాయి. 1926లో కెనడాలోని బ్లాడ్‌వర్త్ అనే పల్లెలో బడిపిల్లలు డబ్బా మూతలను గురిచూసి విసరుతూ ఒక విధమైన గోల్ఫ్ ఆడుకొన్నారు. అమెరికాలోని బ్రిడ్జిపోర్టు పట్టణంలో ఫ్రిస్బీ అనే రొట్టెల కంపెనీవారి రేకుపళ్ళేలు విద్యార్థుల చేతుల్లో ఆటవస్తువులైనాయి. వాల్టర్ ఫ్రెడరిక్ మారిసన్ అనే ఆయన ప్లాస్టిక్‌తో ఎగిరే పళ్ళెం తయారుచేసి 1957లో వామ్-ఓ కంపెనీకి హక్కులు ఇచ్చినాడు. ఆ ఏటనే దానికి ఫ్రిస్బీ అన్న పేరు స్థిరపడినది. ఆ కంపెనీలోనే పనిచేసిన ఎడ్ హెడ్రిక్ పళ్ళెం పైభాగాన వలయాకారపు గీతలు తీర్చి, అది నిలకడగా ఎగిరేటట్లు చేసి, 1967లో పేటెంటు పొందినాడు. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఆయన ఏర్పరచినదే ఈ ఆటకు మొట్టమొదటి శాశ్వత స్థలం. అక్కడ మొదట గురికి పాతినవి వట్టి గుంజలే. గొలుసులు, బుట్ట తర్వాత వచ్చినాయి. 2002లో హెడ్రిక్ మరణించగా, ఆయన కోరికను మన్నించి చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోతపోసినారు. ఆటను అంతగా ప్రేమించినవాడు ఆయన.

ఫ్రిస్బీకీ, నేటి గోల్ఫ్ డిస్కుకూ తేడా అంచులో ఉన్నది. ఫ్రిస్బీ అంచు మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. 1983లో కాలిఫోర్నియాకు చెందిన ఇన్నోవా కంపెనీ ఏటవాలుగా చెక్కినట్లుండే అంచుతో డిస్కును తెచ్చినది. గాలిని చీల్చుకొనిపోయే ఆ అంచుతో ఆట స్వరూపమే మారినది. అటుపిమ్మట డిస్కులు మూడు తెగలుగా చీలినాయి. పల్చని పదునైన అంచుతో దూరం పోయేవి డ్రైవర్లు. మొద్దు అంచుతో నెమ్మదిగా పోయి, బుట్ట దగ్గర వేయడానికి పనికివచ్చేవి పట్టర్లు. పేరుకు ‘పట్టరు’ అయినా గొలుసులు భద్రంగా పట్టుకొనేది వాటినే! ఈ రెంటికీ నడుమ ఉన్నవి మిడ్‌రేంజ్ డిస్కులు, అనగా మధ్యదూరానికి తగినవి. డ్రైవరంత అత్యాశ, పట్టరంత వెనుకంజ వీటిలో కనిపించవు. అలవాటు లేని చేతికి 50, 60 మీటర్లు, ఆరితేరిన చేతికి 90 మీటర్లకు పైగా పోతాయి. ఈ నడిమి తెగలోనూ కుడిఎడమలకు పోకుండా నడిచే రకాన్ని గురించియే మన విచారణ.

అసలు డిస్కు తిన్నగా ఎందుకు పోదు? దీనికి సమాధానం మన పిల్లలాడే బొంగరంలో ఉన్నది. జోరుగా తిరుగుతున్న బొంగరాన్ని వ్రేలితో ఒక ప్రక్కకు నెట్టిచూడండి. అది నెట్టిన వైపునకు పడిపోదు. దానికి అడ్డంగా మరొక ప్రక్కకు ఒరుగుతుంది. తిరిగే వస్తువుల స్వభావమే అంత. విసరిన డిస్కు గాలిలో తిరిగే బొంగరం. గాలి దానిని క్రిందినుంచి ఎత్తిపట్టుతుంది గాని, ఆ ఎత్తేబలం ఎల్లప్పుడూ సరిగా డిస్కు నడిబొడ్డున పనిచేయదు. వేగం మిక్కుటంగా ఉన్నప్పుడు ఆ బలం కొంచెం వెనుకకు జరిగి డిస్కు ముక్కును క్రిందికి నొక్కజూస్తుంది. వేగం తగ్గి డిస్కు దిగజారే సమయంలో ముందుకు జరిగి ముక్కును పైకెత్తజూస్తుంది. కాని డిస్కు తిరుగుతున్నది కదా! ముక్కు వంగడానికీ, లేవడానికీ బదులుగా అది ప్రక్కకు ఒరుగుతుంది. ఒరిగిన వైపునకు దారి వంగుతుంది.

కుడిచేతివాడు డిస్కును ఎడమప్రక్కకు తీసుకొనిపోయి, ఛాతీకి అడ్డంగా లాగి విసరే పద్ధతిని బ్యాక్‌హ్యాండ్ అంటారు. పైనుంచి చూస్తే ఆ డిస్కు గడియారపు ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. అటువంటప్పుడు వేగం హెచ్చుగా ఉండగా కుడికీ, వేగం తగ్గిన తర్వాత ఎడమకూ ఒరగడం డిస్కుల సామాన్యలక్షణం. ఎడమచేతివారికి అంతా తారుమారు. ఈ వ్యాసంలో ఇకమీద చెప్పేదంతా కుడిచేతి బ్యాక్‌హ్యాండును ఉద్దేశించినదే. కుడికి ఒరగడానికి ఒప్పుకోక, పట్టుపట్టి ఎడమకే తిరిగే డిస్కులను ఓవర్‌స్టేబుల్ అంటారు. కుడికి సులువుగా ఒరిగేవాటిని అండర్‌స్టేబుల్ అంటారు. మన మాటలలో వాటిని ఎడమమొగ్గువనీ, కుడిమొగ్గువనీ అనుకొందాము. ఏ వేగంలోనైనా ముక్కుమీద పడే ఆ ఒత్తిడి రెండు వైపులా దాదాపు శూన్యంగా ఉండేటట్లు అంచునూ, పైభాగాన్నీ తీర్చి పోతపోసినదే తిన్నని డిస్కు. అది ప్రకృతి ఇచ్చిన గుణం కాదు. రెండు వంకరలను సరితూచి సాధించిన సమత.

ఈ గుణాలను కొనేవారికి తెలియజేయడానికి డిస్కుల మీద నాలుగు అంకెలు వేసే ఆచారం ఉన్నది. మొదటిది వేగం, రెండవది గాలిలో తేలిపోయే శక్తి, మూడవది ఆరంభంలో కుడికి ఒరిగే గుణం, నాలుగవది చివర ఎడమకు తిరిగే గుణం. మూడవ అంకె సున్నకు తక్కువైనకొద్దీ కుడిమొగ్గు ఎక్కువ. నాలుగవది పెరిగినకొద్దీ ఎడమతిరుగుడు ఎక్కువ. ఇన్నోవావారి మాకో-3 అనే డిస్కు అంకెలు 5, 5, 0, 0. చివరి రెండూ సున్నలే. తిన్నదనానికి ఇంతకంటె సూటియైన ప్రకటన ఉండబోదు. మిషిగన్ రాష్ట్రంలోని డిస్‌క్రాఫ్ట్ కంపెనీవారి బజ్ 2003లో వచ్చినది. దాని అంకెలు 5, 4, −1, 1. అనగా కొంచెం కుడికి ఒరగడం, మరల కొంచెం ఎడమకు రావడం. రెండూ కలిసి మొత్తంమీద తిన్నని దారి. 1987లో వచ్చిన రాక్ అనే ప్రసిద్ధమైన డిస్కుకు 4, 4, 0, 3. ఇది తిన్నగా బయలుదేరి, చివర నమ్మకంగా ఎడమకు వ్రాలుతుంది. మూడూ మధ్యదూరపు డిస్కులే; ముగ్గురు అన్నదమ్ములు ముగ్గురే అయినట్లు, స్వభావాలు వేరు.

అంకెలను వేదవాక్యాలుగా తీసుకొనరాదు. ఆ అంకెలు చెప్పే దారి ఒక నిర్ణీతమైన వేగంతో, సమతలంగా విసరినప్పటిది. చేతివేగం చాలనివానికి అదే డిస్కు ఎడమమొగ్గుగా కనిపిస్తుంది. బలవంతుడు విసరితే కుడిమొగ్గుగా కనిపిస్తుంది. అందుచేతనే మధ్యదూరపు తెగలో తిన్ననివాడిని ఎంచుకోవడం కొత్తవారికి క్షేమం. వేగం అంకె 12 ఉన్న డ్రైవరు తన గుణం చూపాలంటే చేతిలో మెరుపు ఉండాలి. వేగం 5 ఉన్న డిస్కు సామాన్యుని చేతిలోనూ తన స్వభావాన్ని దాచదు.

ఇక ఎంపికలో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది బరువు. ఆటసంఘం నియమాల ప్రకారం డిస్కు వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించి బరువు ఉండరాదు. బజ్ వ్యాసం 21.7 సెంటీమీటర్లు. హెచ్చవేసి చూడండి, గరిష్ఠభారం 180 గ్రాములు తేలుతుంది. బరువైన డిస్కు గాలికి తొణకదు. తేలికది నెమ్మదైన చేతికి కొంత దూరం ఎక్కువ ఇస్తుంది గాని, ఎదురుగాలిలో గాలిపటమవుతుంది. పెద్దవారికి 170 మొదలు 180 వరకు ఉన్నవి సరిపోతాయి. పిల్లలకూ, భుజంలో నొప్పులున్నవారికీ 160 దరిదాపున ఉన్నది మంచిది.

రెండవది ప్లాస్టిక్. చౌకరకం మెత్తగా, కొద్దిగా గరుకుగా ఉండి, తడిచేతికీ చెమటచేతికీ పట్టు ఇస్తుంది. కాని చెట్లకు తగిలి త్వరగా అరుగుతుంది. ఖరీదైన రకం గట్టిది, ఏండ్లతరబడి స్వభావం మార్చదు. అరిగినకొద్దీ డిస్కుకు కుడిమొగ్గు పెరుగుతుందన్నది గుర్తుంచుకోవలసిన నియమం. తిన్నదనం నిలవాలంటే గట్టిరకమే తీసుకోవలె. మూడవది అంచు అడుగున ఉండే పూస, అనగా దారం మందాన పొడుచుకొనివచ్చిన సన్నని గట్టు. రాక్ వంటి డిస్కులలో ఇది ఉంటుంది. ఎడమమొగ్గును కొంత పెంచి, అరుగుదలకు తట్టుకొంటుంది. పూస లేని అంచు వ్రేళ్ళకు నున్నగా ఉంటుంది. నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, చేతికి అమరిక. దుకాణంలో కన్నులు మూసుకొని పట్టుకొని చూడవలె. వ్రేళ్ళు ఎక్కడికి పోవాలో వెతుక్కొంటూ ఉంటే ఆ డిస్కు మనది కాదు. ఒకటి నచ్చినదా, అదే మూస, అదే ప్లాస్టిక్, అదే బరువు గలది రెండవది కూడ కొనడం తెలివి. ఒకటి చెరువుపాలైతే చేతికి మరల కొత్త పాఠం చెప్పవలసిన పని ఉండదు.

విసరే విధానం చెప్పుకొందాము. బొటనవ్రేలు డిస్కు పైన, అంచుకు కాస్త లోపలగా ఉండవలె. క్రింద నాలుగు వ్రేళ్ళను బిగించి అంచు లోపలి గోడకు ఆనించేది ఒక పట్టు; చూపుడువ్రేలిని అంచుకు ఆనించి తక్కినవాటిని విసనకర్ర వలె డిస్కు అడుగున పరచేది మరొక పట్టు. మొదటిది బలానికి, రెండవది అదుపుకు. మధ్యదూరపు డిస్కుకు రెండవదానితో మొదలుపెట్టడమే మేలు. పట్టులో గట్టిదనం వ్రేళ్ళలో ఉండవలెను గాని ముంజేతిలో కాదు. ముంజేయి బిగుసుకొంటే మణికట్టు విడివడదు. మణికట్టు విడివడకపోతే డిస్కు చాలినంత తిరగదు. తిరగని బొంగరం ఎంతసేపు నిలబడుతుంది?

మొదట పరుగు వద్దు. గురికి కుడిభుజం చూపుతూ ప్రక్కకు తిరిగి, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడవలె. డిస్కును వెనుకకు చాపి, ఛాతీ క్రిందిభాగానికి దగ్గరగా, ఒకే గీతమీద ముందుకు లాగవలె. ఇక్కడ చాలామంది చేయి ఒంటిచుట్టూ అర్ధచంద్రాకారంగా తిరుగుతుంది. అర్ధచంద్రం గీసిన చేయి తిన్నని దారిని ఎట్లా ఇస్తుంది? పటానికి కట్టిన త్రాటిని లాగినట్లు మోచేయి ముందుగా రావలె, తర్వాత ముంజేయి, చివరకు మణికట్టు, దానివెంట డిస్కు. బలమంతా చివరి జానెడులోనే. ముందుగా నెమ్మది, తుదకు చురుకు. విసరిన తర్వాత చేయి, నడుము సహజంగా తిరిగిపోనీయవలె. పాదం కూడ మడమమీద తిరగవలె. పాదాన్ని నేలకు అతుక్కొనేటట్లు ఉంచితే మోకాలు ఆ భారం మోయవలసివస్తుంది. నిలబడి విసరడం కుదిరిన తర్వాతనే కుడికాలు, దాని వెనుకగా ఎడమకాలు, మరల కుడికాలు అన్న మూడడుగుల నడక నేర్చుకోవచ్చును.

డిస్కు చేతినుండి విడిచేటప్పుడు నిండుచెంబు పెట్టిన పళ్ళెం వలె సమతలంగా ఉండవలె. వెలుపలి అంచు క్రిందికి వాలితే దారి ఎడమకు వంగుతుంది. పైకి లేస్తే కుడికి. మరొక వాలు ముక్కుది. ముక్కు పైకెత్తి విసరితే డిస్కు మేడమెట్లు ఎక్కినట్లు పైకిపోయి, అలసి, ఎడమకు కూలబడుతుంది. కొత్తవారి విసురులలో అన్నింటికంటె ఎక్కువగా కనిపించేది ఇదే. చేయి అరచేతిని ఆకాశానికి చూపకుండా, వట్టి బల్లమీద చేయి జాపినట్లు పట్టుకొంటే ముక్కు దిగుతుంది. ఎదురుగాలి ఉన్నప్పుడు డిస్కుకు తన వేగంతోపాటు గాలివేగమూ తోడై కుడిమొగ్గు పెరుగుతుంది. వెనుకగాలిలో ఎడమకు త్వరగా వ్రాలుతుంది. అందువల్ల గాలిలేని ప్రాతఃకాలమే అభ్యాసానికి తగిన వేళ.

ఇప్పుడు మొదట చెప్పిన ‘ఋజువు’ దగ్గరకు వస్తాను. ఎడమమొగ్గు బలంగా ఉన్న డిస్కును చేయి వంకరగా విసరినా, తిన్నగా విసరినా, ముక్కు పైకెత్తి విసరినా అది ఎడమకే తిరుగుతుంది. దాని దారిని చూచి చేతిలోని లోపం తెలుసుకోలేము. తిన్నని డిస్కు అట్లా కాదు. దానికంటూ చెప్పుకోదగిన మొగ్గు లేదు గనుక, కనిపించిన ప్రతి వంకరా చేతిదే. చేతిని విడిచిన మరుక్షణమే ఎడమకు పోయినదా, లాగిన గీత వంకర. తిన్నగా బయలుదేరి కుడికి ఒరిగినదా, మణికట్టు తిరగబడినది. పైకెగసి ఎడమకు కూలినదా, ముక్కు లేచినది. అటూఇటూ వణకుతూ పోయినదా, చేయి లాగిన తలమూ డిస్కు తలమూ ఒకటి కాలేదు. ఒక్కొక్క దోషానికి ఒక్కొక్క గుర్తు. ఇంతటి నిష్పక్షపాతమైన సాక్షి ఆటస్థలంలో మరొకటి లేదు.

ఈ మాటల బలం నేను పుస్తకంలో చదివి తెలుసుకొన్నది కాదు. కొన్నేండ్ల క్రితం వేసవి సెలవులలో ఉత్తర కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ నగరంలో మా అమ్మాయి ఇంట కొన్నివారాలు ఉన్నాను. మా అల్లుడు కంప్యూటరు ఉద్యోగి. రాత్రింబవళ్ళు కుర్చీలో కూర్చొని వెన్నునొప్పి తెచ్చుకొని, డాక్టరు నడవమన్నాడని ఈ ఆటకు వెళ్ళడం మొదలుపెట్టినాడు. అతని సంచిలో పదిహేను డిస్కులు. “ఇన్ని ఎందుకు నాయనా?” అంటే, “ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని మామయ్యగారూ” అన్నాడు. పని మాత్రం అన్నీ ఒక్కటే చేసేవి: ఎడమవైపు పొదలలోకి పోవడం. వాటిలో ఎక్కువభాగం ప్రఖ్యాతులైన ఆటగాళ్ళు వాడే వేగవంతమైన డ్రైవర్లు. మూడవ ఆదివారం ఇంటికి వస్తూ, “నాకు చేయి లేదండీ, మానేస్తాను” అన్నాడు. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతు. ఏటేటా తరగతిగదిలో వింటున్నదే.

తర్వాతి వారం అక్కడ ఆడే ఒక వృద్ధుడు, ఉద్యోగవిరమణ చేసినవాడు, ఇతని అవస్థ చూచి ఒక సలహా చెప్పినాడు. సంచిని కారులో పెట్టి, ఒక్క తిన్నని డిస్కుతో నెలరోజులు ఆడమన్నాడు. బుట్ట దగ్గర కూడ దానితోనే. అతడు అయిష్టంగానే ఒప్పుకొన్నాడు. మొదటి రోజున అన్నిటికంటె వింతగా తోచినది, డిస్కు అన్నిసార్లూ ఎడమకే పోకపోవడం. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు, ఒకసారి ఆకాశానికి. “ఇది ఇంకా అన్యాయం” అన్నాడు. నేను ప్రక్కన నడుస్తూ, లెక్కపుస్తకంలో విసురుకొక గుర్తు వేస్తూ వచ్చినాను. నాలుగు రోజుల గుర్తులు కలిపిచూస్తే, సగానికి పైగా పైకెగసి కూలినవే. అంటే పది దోషాలు కావు. ఉన్నది ప్రధానంగా ఒక్కటే, ముక్కు లేవడం. దానిని సరిదిద్దడానికి అతనికి రెండు వారాలు పట్టినది. నేను తిరుగు ప్రయాణమయ్యేనాటికి చెట్ల నడుమ ఇరుకుబాట గుండా, అటు కొమ్మను ఇటు కొమ్మను తాకకుండా, డెబ్బది గజాలు పోయి ఆ డిస్కు గడ్డిమీద వాలడం నేను కన్నులారా చూచినాను. అతడు మానలేదు. వెన్నునొప్పి సంగతి ఇప్పుడు ఫోనులో వినబడడం లేదు.

అతనికి చేయి ఉన్నది. లేనిదల్లా, చేయి చేసిన పొరపాటు ఏదో చెప్పే పనిముట్టు. మూడు దశాబ్దాలుగా తెలుగు బోధిస్తున్న నాకు ఇది కొత్త సంగతి కాదుగాని, ఇంత ప్రత్యక్షంగా ఎన్నడూ కనిపించలేదు. వ్రాయడం నేర్చుకొనే విద్యార్థి చేతికి మొదటనే దీర్ఘసమాసాలనూ, అలంకారాలనూ ఇస్తే అతని వాక్యం ఎక్కడ చెడినదో అతనికీ తెలియదు, దిద్దేవారికీ తెలియదు. ఆడంబరం దోషాన్ని కప్పుతుంది. కర్త, కర్మ, క్రియ గల చిన్నవాక్యం వ్రాయించండి. తప్పు పట్టపగలు దీపంలా కనిపిస్తుంది, దిద్దుబాటు ఒక్క గీతతో తీరుతుంది. “నాకు రాదు” అని వెళ్ళిపోయినవారిలో ఎందరు నిజంగా రానివారు? ఎందరు తప్పు పనిముట్టుతో మొదలుపెట్టి, తమ లోపమేదో తెలియక, మొత్తం తామే లోపమనుకొని విరమించుకొన్నవారు? రెండవ తెగవారే ఎక్కువని నా అనుభవం.

తిన్నని డిస్కుకు పరిమితులు లేవని కాదు. ఎదురుగాలి బలంగా వీస్తే ఎడమమొగ్గుదే శరణ్యం. దారి మూలమలుపు తిరిగితే ఆ మలుపువైపు మొగ్గు గలదానినే తీయవలె. ఆరుసార్లు ప్రపంచవిజేతయైన పాల్ మెక్‌బెత్ వంటివారు పలురకాల డిస్కులు మోసుకొని తిరగడం ఊరక కాదు. వంకరదారికి వంకరగుణం అవసరమే. కాని వంకరను కోరి వాడుకొనడం వేరు, తెలియక దానిపాలు కావడం వేరు. తిన్నగా విసరగలవాడే చేతివాలు కొద్దిగా మార్చి అదే డిస్కును కుడికీ, ఎడమకూ కోరినట్లు వంచగలడు. అప్పుడు ఒక్క డిస్కే మూడు డిస్కుల పని చేస్తుంది.

అభ్యాసానికి గొలుసుల బుట్టే కావాలని లేదు. హెడ్రిక్ మొదటి ఆటస్థలంలోనూ గురికి ఉన్నవి వట్టి గుంజలే. కళాశాల మైదానంలో ఉదయం పూట, మనుషులు లేనివైపు ఒక వేపచెట్టును గురిగా పెట్టుకొని, నలభై అడుగుల దూరంలో మొదలుపెట్టవచ్చును. చెట్టుదగ్గరకు పోయి డిస్కు తెచ్చుకోవడమే నడక. పది విసురులు విసరి, ఏది ఎటు పోయినదో వ్రాసుకొని, ఒక్క దోషాన్ని మాత్రమే పట్టుకొని మరి పది విసరండి. దూరం కోసం ఆశపడకండి; గీత కుదిరితే దూరం దానంతట అదే వస్తుంది.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. ఎంత గట్టి ప్లాస్టిక్ అయినా చెట్లకూ రాళ్ళకూ తగిలి తగిలి అరుగుతుంది. కొన్నేండ్లకు తిన్నని డిస్కు తిన్నదనాన్ని కోల్పోయి కుడికి ఒరగడం ప్రారంభిస్తుంది. నేర్చుకోనివానికి ఆ మార్పు తెలియదు. తన చేయే చెడినదని బెంగపడతాడు. నేర్చినవాడు రెండు మూడు విసురులలోనే గుర్తుపట్టి, ‘ఈసారి వంకర నాది కాదు, దీనిది’ అని నిబ్బరంగా చెప్పగలడు. ఇన్నాళ్ళు చేతిని పరీక్షించిన డిస్కును ఇప్పుడు చేయి పరీక్షిస్తుంది. ఆ డిస్కును పారవేయనక్కరలేదు. కుడికి మలుపు తిరిగే దారులకు అది చక్కగా పనికివస్తుంది. సంచిలో దాని చోటు మారుతుంది, అంతే. తిన్ననిదాని చోటున, ఆనాడు కొని దాచిన రెండవది వచ్చి చేరుతుంది.